సిందూరం లేని పెట్టె

2018 సెప్టెంబరు 17, సోమవారం, ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలు. ఖరగ్‌పూర్‌లో ఉష్ణోగ్రత ఇరవై తొమ్మిది డిగ్రీలు. సన్నని జల్లు. గాలి దాదాపు లేదు. ప్రేమ్ బజార్‌లో విద్యార్థులకు అద్దెకిచ్చే ఒక మేడగదిలో, తలుపు గడియ వేసి, చీఫ్ చెన్నకేశవరావు బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

"తెల్లవారుజామున డాక్టర్ వినీత లాబ్ నుంచి ఒక ఫ్లాస్క్ పోయింది. అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ సీసా. దొంగ పోతూ పోతూ ఫ్రీజర్‌లోని నకళ్ళన్నీ పాడుచేశాడు. మిగిలింది అదొక్కటే."

"అందులో ఏముంది?" అని ఏజెంట్ రాధారాణి అడిగింది.

మూలన కూర్చున్న వినీత జవాబిచ్చింది. ఆమె కళ్ళు వాచి ఉన్నాయి.

"ఒకామె కణితి నుంచి తీసిన కణాలు. ఆమె ఇప్పుడు లేదు. ఆ కణాలను ఆకలితో చంపలేం. తిండి ఆపితే తమ లోపలి పాత సామాను తామే కరిగించుకొని, దాన్నే ఇంధనంగా కాల్చుకుంటాయి. ఆ దారి మూసే మందు నా దగ్గర ఉంది. ఆ కణాలు లేకపోతే మందు పనిచేస్తుందని రుజువు చేయలేను. ఆరేళ్ళ పని, మేడమ్."

"ఆరోగ్యంగా ఉన్న కణం కూడా అలా చేస్తుందని చదివాను."

"చేస్తుంది. లోపల చెత్త పేరుకోకుండా, కణం చెడిపోకుండా కాపాడేది మొదట అదే. గడ్డ పెరిగాక గడ్డకు అన్నం పెట్టేదీ అదే."

"ఫ్లాస్క్‌కు గుర్తు?"

"రంగు. రాత్రి ఎనిమిదింటికి ఎర్రని పోషకద్రవం పోశాను. ఇవి చక్కెరను సగమే కాల్చి ఆమ్లం వదులుతాయి. ఈపాటికి ద్రవం పసుపుపచ్చగా మారి ఉండాలి. ఎర్రగానే ఉంటే అది నా ఫ్లాస్క్ కాదు."

చీఫ్ మ్యాప్ పరిచాడు. ఈ పని చేయించింది ఓరియన్ అనే విదేశీ ముఠా. ఈ రోజు విశ్వకర్మ పూజ. ఏడాదికొక్కసారి రైల్వే వర్క్‌షాప్ గేట్లు కార్మికుల కుటుంబాలకు తెరుస్తారు. ఆ రద్దీలో పదకొండు గంటలకు ఫ్లాస్క్ చేతులు మారుతుంది.

"అందుకునేది ఏంజలిన్," అన్నాడు చీఫ్.

ఏంజలిన్ తమ మనిషని ఓరియన్ నమ్మకం. తన మనిషని చీఫ్ నమ్మకం. ఆమె ఎవరి మనిషీ కాదని రాధారాణి నమ్మకం.

"ఆమె భర్త వేషంలో కిరణ్‌కుమార్ వెళ్తాడు. నువ్వు రెండో గేట్ దగ్గర. ఏం జరిగినా గేట్ వదలకు. పని పూర్తయితే కోడ్ 'లైన్ క్లియర్'."

"భర్తే కావాలా సర్? అన్న వేషం సరిపోదా?" అంది రాధారాణి.

చీఫ్ మ్యాప్ మడిచాడు. కిరణ్‌కుమార్, రాధారాణి తొమ్మిదేళ్ళుగా ఒకే టీమ్. వచ్చే నెల తమ పెళ్ళి గురించి తన తల్లితో మాట్లాడతానని అతను రెండు నెలలుగా అంటున్నాడు.

పదకొండు గంటలకు రాధారాణి నేత చీర కట్టుకొని, మేనమామ తవిటయ్య పక్కన రెండో గేట్ దగ్గర నిలబడింది. తవిటయ్య అదే వర్క్‌షాప్‌లో ముప్పై ఆరేళ్ళు ఫిట్టర్‌గా చేసి రిటైరైనవాడు. ట్రాఫిక్ కాలనీలో ఆమెను పెంచింది ఆయనే. లోపల యంత్రాలన్నిటికీ బంతిపూల దండలు. పానాలు, సుత్తులు, టూల్ బాక్స్‌లు సిందూరం పూసుకొని విగ్రహం ముందు వరుసగా ఉన్నాయి.

వంద గజాల దూరంలో ఏంజలిన్ నడుస్తోంది. ఆకుపచ్చ సిల్కు, ఎర్రని లిప్‌స్టిక్. కిరణ్‌కుమార్ ఆమె మీద నల్ల గొడుగు పట్టాడు. దాని బోలు పిడిలో ముప్పై ఏడు డిగ్రీల వెచ్చని అర ఉంది, ఫ్లాస్క్ కోసం. అతని కుడి భుజం తడుస్తోంది, ఆమె భుజం తడవడం లేదు. తొమ్మిదేళ్ళ వానల్లో అతను రాధారాణికి ఒక్కసారీ గొడుగు పట్టలేదు.

"ఏటమ్మీ, అలా సూస్తన్నావు? గేటు ఇటుంది," అన్నాడు తవిటయ్య.

"డ్యూటీ మావయ్యా."

"డ్యూటీ మొకం అలా ఉండదే."

రద్దీలో ఎవరో ఏంజలిన్ చేతిలో పొట్లం పెట్టారు. అది గొడుగు పిడిలోకి జారింది. ఆమె కిరణ్‌కుమార్ చెవిలో ఏదో చెప్పి నవ్వింది. అతనూ నవ్వాడు.

11.04కు రాధారాణి గేట్ వదిలింది. అనుమానమే తొమ్మిదేళ్ళు ఆమె ప్రాణాలు కాపాడింది. కాబట్టి ఇదీ అనుమానమేననుకుంది.

"గొడుగు ఇటివ్వు."

"అరే దీదీ!" ఏంజలిన్ కనుబొమలెత్తింది. "ఫ్లాస్క్ కోసమా, నా మొగుడి కోసమా?"

రాధారాణి పిడి తిప్పింది. లోపలి ద్రవం ఎర్రగా ఉంది.

"చూశావా కిరణ్? అసలుది మార్చేసింది!"

"వాళ్ళిచ్చిందే అది. నేను పక్కనే ఉన్నాను. మారిస్తే చూడనా?"

"నీ కళ్ళు ఎక్కడున్నాయో నేను చూశాను."

ఏంజలిన్ ముఖంలో నవ్వు పోయింది. "అంటే వాళ్ళు నన్ను కనిపెట్టేశారు. దొంగ ఫ్లాస్క్ నాకిచ్చి, మిమ్మల్నందరినీ నా చుట్టూ తిప్పుతున్నారు. దీదీ... గేట్ దగ్గర ఎవరున్నారు?"

రాధారాణి ఫోన్ మోగింది. తవిటయ్య.

"అమ్మీ, ఆ బిడ్డని తరవాత తిడుదువుగాని. నీలం డ్రస్సోడొకడు టూల్ బాక్సు అట్టుకొని గేటుకేసి వచ్చేస్తన్నాడు."

"ఫిట్టరేమో మావయ్యా?"

"ఏటి ఫిట్టరు! ఈయేళ పనిముట్లన్నీ దేవుడి కాడే ఉంటాయి. ముట్టుకున్నోడు మా షాపోడు కాడు. ఆ పెట్టికి సిందూరం సుక్కయినా లేదు!"

ఆమె గొడుగుతోనే పరుగెత్తింది. వెనక ఇద్దరూ పరుగెత్తారు. గేట్ అవతల ఒక జీపు ఇంజిన్ ఆపకుండా నిలబడి ఉంది. నీలం దుస్తులవాడికి తవిటయ్య అడ్డంగా నిలబడి, కిచిడీ దొన్నె ముందుకు చాపాడు.

"దాదా, ప్రసాదం తినకుండా ఎల్లిపోతావేటి?"

అతను దొన్నెను విసిరికొట్టాడు. ముసలాయన్ని తోసేశాడు. ఆలస్యమైంది నాలుగు క్షణాలు. రాధారాణికి అవి చాలాయి. గొడుగు వంకీ అతని చీలమండకు తగిలించి లాగింది. అతను బోర్లా పడ్డాడు. పెట్టె మూత ఊడింది. పసుపుపచ్చని ఫ్లాస్క్ తడి రోడ్డు మీద జారుతూ, అప్పుడే కదిలిన జీపు చక్రం కిందికి వెళ్ళింది.

ఏంజలిన్ సిల్కు చీరతో బురదలోకి దూకింది. చక్రానికి జానెడు దూరంలో ఫ్లాస్క్ ఆమె గుప్పిట్లోకి వచ్చింది. జీపు తన మనిషిని వదిలేసి వెళ్ళిపోయింది. ఏంజలిన్ గొడుగు పిడిలోని దొంగ ఫ్లాస్క్ తీసేసి, అసలుదాన్ని ఆ వెచ్చదనంలో పెట్టి, రాధారాణి చెవికమ్మలోని మైక్ దగ్గరికి వంగింది.

"లైన్ క్లియర్."

ఏంజలిన్ మోచేయి చెక్కుకుపోయింది. కిరణ్‌కుమార్ తన చేతిరుమాలు దానికి కట్టాడు. ముడి వేయడానికి అవసరమైనదానికంటే ఎక్కువ సమయం పట్టింది. రాధారాణి చూసింది. ఈసారి కదల్లేదు.

సాయంత్రం రిపోర్టులో ఆమె ఇలా రాసింది: "11.04 నుంచి 11.09 వరకు గేట్ వదిలాను. గేట్ ఖాళీ అయినందువల్లే శత్రువు అటు వచ్చాడు. కారణం: అసూయ." చెన్నకేశవరావు చివరి మాట కొట్టేసి, పైన "వర్షం" అని రాసి సంతకం పెట్టాడు.

2024లో వినీత మందును మొదటి విడతగా పన్నెండు మంది రోగులు తీసుకోవడం మొదలుపెట్టారు. అప్పటికి ఏంజలిన్‌కూ కిరణ్‌కుమార్‌కూ పెళ్ళయి నాలుగేళ్ళు. గొడుగు రాధారాణి దగ్గరే ఉండిపోయింది.