పగటిపూట చదివిన కథ

ఆదివారం మధ్యాహ్నం మూడున్నరకే సూర్యాపేట మీద మబ్బు కమ్మింది. కరెంటు పోయింది, ఫోన్లో ఛార్జింగు అడుగంటింది. ఫోను లేకపోతే పిల్లకు తోచదు, తల్లికి అంతకన్నా తోచదు. శోభ తండా నుంచి తెచ్చుకున్న రేకుపెట్టె తెరిచి, అడుగున ఉన్న కథల పుస్తకం తీసింది. మూడో తరగతిలో బడిలో వచ్చిన బహుమతి అది. అప్పుడు రెండు చేతులా మోసిన పుస్తకం ఇప్పుడు అరచేతిలో ఇమిడిపోయింది. ముక్కుకు ఆనించుకుంటే చెమ్మ వాసన, కిరసనాయిలు వాసన. దాని మీద ప్రేమ మాత్రం ఆమెకు రవ్వంత తగ్గలేదు.

చిన్నప్పుడు రోజూ రాత్రి ఈ పుస్తకం చదివి, ఒక్కో వాక్యం లంబాడీలోకి తిప్పి నాయనమ్మ మంగ్లీకి చెప్పేది. మంగ్లీ మంచం మీంచి ఊ కొట్టేది. పొద్దుండగా మాత్రం పుస్తకం ముట్టనిచ్చేది కాదు. పగలు కథ చెబితే బాట మీద ఉన్నవాళ్ళు దారి తప్పుతారని తండాలో నమ్మకం. బండ్లు కట్టుకుని ఊళ్ళు తిరిగిన పెద్దల నాటి మాట. నలుగురికి చదువు చెప్పే టీచరమ్మ శోభ ఆ మాట తలుచుకుని నవ్వుకుంది. భర్త మహేష్ అప్పటికే మోతె ఊళ్ళో బైకెక్కి బయల్దేరాడన్న సంగతి ఆమెకు తట్టనేలేదు.

"ఊ కొట్టాలె మరి. లేకుంటే ఆపేస్త," అంది ఏడేళ్ళ దివ్యతో.

కథ ఒక బాటసారిది. ఇంటికి పోదామని ఎంత నడిచినా తిరిగి తిరిగి ఒకే పాడుబావి దగ్గరికి వస్తుంటాడు. చిన్నప్పుడు శోభ ఇక్కడే పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది. ఇప్పుడు ఎందుకో నవ్వు రాలేదు. పాపం, వాడికోసం ఇంట్లో ఎవరో ఎదురుచూస్తుంటారు కదా అనిపించింది.

పేజీ తిప్పింది. "ఊ." ఇంకో పేజీ. "ఊ." ఒళ్ళో పిల్ల తల బరువెక్కినట్టుంటే కిందికి చూసింది. దివ్య ఎప్పుడో నిద్రపోయింది. నోరు తెరిచి సన్నగా గురక పెడుతోంది.

"ఊ," అన్నారెవరో వంటింట్లోంచి.

మంగ్లీ పోయి నాలుగేళ్ళు. ఆమె గొంతే అయితే శోభకు ఇంత భయం ఉండేది కాదు. ఇది ఆమెది కాదు. తొందర లేని గొంతు...

పుస్తకం మూసేసింది. ఫోన్ మోగింది.

"శోభా, నాకేందో పరేషాన్‌గ ఉంది." అన్నాడు మహేష్. "మోతె దాటి గంటైంది. గదే కల్వర్టు, గదే పత్తిచేను... మూడుసార్లు వచ్చిన గీడికే."

అరగంట దారి. పదేళ్ళుగా తిరుగుతున్న దారి.

"ఎవలనన్న అడుగు జర!"

"ఎవలున్నరు గీడ? ఒక్క బండి గూడ..." ఫోన్ ఆరిపోయింది.

మంగ్లీ ఇంకో మాట కూడా అనేది. "మొదలువెట్టినంక ఖతం చెయ్యాలె బిడ్డా. నడుమ ఆపితే బాటసారి ఆడనే ఉంటడు." చదవాలంటే భయం. ఆపాలంటే అంతకన్నా భయం. మహేష్ ఇల్లు చేరితే చాలు, ఇంకేమైనా కానీ అనుకుని పుస్తకం తెరిచింది.

బాటసారి లేచి నడిచాడు.

"ఊ."

దూరాన దీపం కనిపించింది.

"ఊ..." ఈసారి వంటింటి గడప దగ్గర.

తల ఎత్తలేదు. పిల్లను గట్టిగా పొదువుకుంది. కన్నీళ్ళకు అక్షరాలు అలుక్కుపోతున్నాయి. కంఠతా వచ్చిన కథ కాబట్టి గుక్క తిప్పుకోకుండా చదివింది. బాటసారి ఇల్లు చేరాడు.

ఊ రాలేదు.

వాకిట్లో బైకు ఆగింది. శోభ పరుగెత్తి తలుపు తీసింది. మహేషే. నిలువెల్లా తడిసి ముద్దయ్యాడు. అతన్ని పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఏమైందే? ఒక్కసారిగ రోడ్డు దొరికింది, వచ్చేసిన," అంటూ అతను తుడుచుకోవడానికి లోపలికి పోయాడు.

వాన హోరున కురుస్తోంది. శోభ బైకును రేకుల కిందికి జరపబోయింది. ముందు సీటు మీంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

వెనక సీటు పొడిగా ఉంది.

"ఎవలనన్న ఎక్కించుకున్నవా?" అని లోపలికి కేకేసి అడిగింది.

"లేదే. ఒక్కన్నే వచ్చిన."

శోభ సీటు మీద చెయ్యి పెట్టింది. వెచ్చగా ఉంది.