పూజకెక్కిన ల్యాప్‌టాప్

పొద్దున ఆ ఇంట్లో మనుషుల కంటే ముందు టైప్‌రైటర్‌కు స్నానం. బాబురావు దాని మీద కప్పిన తువ్వాల తీసి, పాత పళ్ల బ్రష్షుతో అక్షరాల సందుల్లో పేరుకున్న సిరా మురికిని దులిపి, చుక్క నూనె వేసి, మళ్లీ తుడిచి, సైకిల్ క్యారియర్‌కు తాడుతో బిగించేవాడు. భార్య జనాబాయి చాయ్ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఈ తతంగం ఏళ్ల తరబడి చూస్తోంది.

"పిల్లగానికి గూడ గింత ముద్దుగ తానం చేపియ్యలే నువ్వు," అంది ఆ రోజు కూడా.

"పిల్లగాడు కూడు పెట్టిండా? ఇది పెట్టింది," అన్నాడు బాబురావు.

పిల్లగాడు దయానంద్ వజీరాబాద్ బజారులో బట్టల దుకాణంలో గుమాస్తా. కొన్నాళ్లుగా ఇంట్లో బియ్యం, ఉప్పు, పప్పు అన్నీ అతని జీతం మీదే వస్తున్నాయి. ఆ మాట ఇంట్లో ఎవరూ అనరు. అన్నా బాబురావు చెవికెక్కదు.

నాందేడ్ తహసీల్ ఆఫీసు గేటు పక్కన రేకుల పందిరి కింద బాబురావు కూర్చునే చోటుంది. నలభై ఏళ్లుగా అక్కడే మరాఠీ అర్జీలు టైపు చేస్తున్నాడు. మీటల వంక చూడడు, కాగితం వంక కూడా చూడడు. ఎదుటి మనిషి కష్టం చెప్పుకుంటుంటే అతని మొహంలోకి చూస్తూ చేతులను వాటి మానాన వదిలేస్తాడు. ఒకప్పుడు జనం వరస కట్టేవారు. ఎదురుగా కంప్యూటర్ దుకాణాలు వచ్చాక వరస రోడ్డు దాటి అవతలికి పోయింది.

అయినా ఆ ఏళ్లలో లోడ్‌షెడ్డింగ్ అనే అమ్మవారు మరాఠ్వాడాను ఏలుతోంది. కరెంటు పోగానే ఎదుటి కంప్యూటర్లన్నీ గుడ్డివైపోయేవి. అప్పుడు జనం చెమటలు తుడుచుకుంటూ ఇటు పరుగెత్తుకొచ్చేవారు. "కాకా, లైట్ గేలీ! జర ఒక్క అర్జీ కొట్టియ్యి!" ఊరు ఊరంతా కరెంటు వాళ్లను తిడుతుంటే, ఆ చీకటికి లోలోపల దండం పెట్టుకునేవాడు నాందేడ్ మొత్తంలో బాబురావు ఒక్కడే.

నవరాత్రులు సగం గడిచాక కోడలు రూపాలి ఒక నల్లసంచీ తీసుకొచ్చింది. ధర్మాబాద్ దగ్గరి కర్ఖేలి పిల్ల. పెళ్లయ్యాక పట్టుబట్టి కంప్యూటర్ కోర్సు చేసింది. ఆ క్లాసు నడిపే అనికేత్ సర్ తన పాత ల్యాప్‌టాప్‌ను అమ్మేస్తున్నాడట.

"దసరా పొద్దుగాల దాక వాడి సూడుమన్నడు మామా," అంది చాప మీద దాన్ని తెరిచి పెడుతూ. "మనసుకొస్తే పెట్టుకుందం. లేకుంటే వాపస్."

బాబురావు వంగి చూశాడు. మెచ్చుకోవడానికి కాదు, తప్పులు వెతకడానికి. తప్పులకేం, బోలెడున్నాయి.

"మూత ఒదులైంది."

"స్క్రూ బిగిస్తే అయిపాయె."

"బ్యాటరీ?"

"పాతదే. గంటన్నర ఆగుతది."

"బటన్ల మీది అచ్చరాలు సగం చెరిగిపోయినయ్. ఒకడు అరగదీసి ఇడిచిపెట్టిన చెప్పుల మన కాలు పెట్టుడేంది?"

జనాబాయికి నవ్వాగలేదు. "అబ్బో! నీ మిషిన్ మాత్రం కొత్తది తెచ్చినవా? హింగోలిల లెక్కలు రాసే మునీమ్ సచ్చిపోతే ఆయన పెండ్లాం కాడ తెచ్చినవ్. తెచ్చిన నాటి నుంచి దాని 'ర' వంకరనే పడ్తది."

"నువ్వు చాయ్ సంగతి సూడు!" అన్నాడు బాబురావు.

దయానంద్ గుమ్మం వైపు జరిగాడు. ఇంట్లో తండ్రి, పెళ్లాం చెరోవైపు ఉంటే అతను అడకత్తెరలో పోకచెక్క. "బాగనే ఉన్నది, కాని పాతది, కాని పని చేస్తది," అని గొణిగి దుకాణానికి ఆలస్యమవుతోందని జారుకున్నాడు.

"గేటు కాడికి తీసుకపోతే లైట్ ఉన్నా లేకున్నా పని ఆగది, మామా," రూపాలి ఉత్సాహంగా చెప్పుకుపోయింది. "జిరాక్స్ దుకాణంల జనరేటర్ ఉన్నది. ప్రింటు ఆడ తీసుకోవచ్చు..."

తీసుకపోతే. ఆ మాట దగ్గరే బాబురావు ఆగిపోయాడు. ఎవరు తీసుకుపోతారు? ఆ మీటల మీదున్నవన్నీ ఇంగ్లీషు అక్షరాలు. తనకు ఇంగ్లీషు సంతకం వరకే వచ్చు. అంటే తీసుకుపోయేది తను కాదు. రేకుల పందిరి కింద, తన స్టూలు మీద, కోడలు కూర్చుంటుంది. తను ఇంట్లో గోడకానుకుని మందు బిళ్లల టైము కోసం ఎదురుచూస్తాడు. అతని భయం మూత గురించీ కాదు, బ్యాటరీ గురించీ కాదు. ఈ వయసులో పనికిరానివాడినైపోతానని భయం. అది చెప్పుకోవడానికి సిగ్గేసి, చెరిగిన అక్షరాల మీద వంక పెట్టాడు.

ఆ తర్వాత రెండు రోజులూ ఇంట్లో అదే మాట. రూపాలి వంట ముగించి ఆ డబ్బా ముందు కూర్చునేది. అది చప్పుడు కూడా చేసేది కాదు, మెత్తగా చిటచిటలాడేది. పని చేస్తే ఊరికి వినపడాలి గాని ఇదేం పని అని బాబురావు అక్కసు.

అష్టమి నాడు పండుగని కరెంటు తీయలేదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎదుటి దుకాణాల్లో ప్రింటర్లు గీసుకుంటూనే ఉన్నాయి. గేటు దగ్గర బాబురావు ఒక్క కాగితం ఎక్కించలేదు. తెలిసిన బంట్రోతు ఒకడు దగ్గరికొస్తే ప్రాణం లేచొచ్చింది. వాడు అగ్గిపెట్టె అడిగి వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చేసరికి గల్లీలో ఆడవాళ్లు బతుకమ్మల చుట్టూ తిరుగుతున్నారు. రూపాలి మాత్రం లోపల ల్యాప్‌టాప్ ముందు ఉంది. మామను చూడగానే మొహం వెలిగింది.

"మామా, అచ్చిండ్రా! జర ఇట్ల కూసోండ్రి, మీకొకటి సూపిస్త..."

"ఏం సూపిస్తవ్?" బాబురావు సైకిల్ మీది టైప్‌రైటర్ విప్పి తెచ్చి దభీమని కింద పెట్టాడు. దాన్నలా పెట్టడం ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ చూడలేదు. "నా మిషిన్‌ను ఏ మూలకు ఎయ్యాల్నో సూసి పెట్టినవా? గా మూలకే నన్ను గూడ కూసోవెట్టు!"

"గట్ల కాదు మామా, నేను ఎందుకు తెచ్చిన్నంటే..."

"నాకెరుకే ఎందుకు తెచ్చినవో! నా జాగల కూసోవాలెనంటే నేను సచ్చినంక కూసో! గప్పటిదాక ఆగవా?"

"బాపూ!" అన్నాడు అప్పుడే లోపలికొచ్చిన దయానంద్. జనాబాయి చేతిలోని తంగేడు పూలు చేతిలోనే ఉండిపోయాయి.

రూపాలి ఏడవలేదు. మూత నెమ్మదిగా దించి, దాన్ని పెట్టె మీద పెట్టింది. "ఎల్లుండి పొద్దుగాల్నే వాపస్ ఇచ్చొస్త మామా," అంది. ఆ పూట ఆమె బతుకమ్మ ఆడలేదు, అన్నమూ తినలేదు.

బాబురావు తిన్నాడు. తిన్నాడంటే తిన్నాడు గాని, సగం అన్నం పళ్లెంలోనే వదిలేశాడు. సచ్చినంక అన్న మాట తన నోటి నుంచే వచ్చిందా అనుకున్నాడు. క్షమించమనడానికి నోరు రాదు, ఊరుకోవడానికి మనసొప్పదు. మామల బతుకు అంతే మరి.

మర్నాడు ఖండే నవమి. ఆ రోజు ఇంట్లో ఉన్న పనిముట్లన్నిటికీ పూజ. జనాబాయి తెల్లవారుజామునే లేచి, అలికిన చోట ముగ్గు వేసి, పీట మీద అన్నీ వరసగా పేర్చింది. కత్తిపీట, కొడవలి, దయానంద్ బట్టలు కొలిచే ఇనుప గజం, కత్తెర, నడుమ బంతిపూల దండతో టైప్‌రైటర్. సైకిల్‌కు గుమ్మంలోనే మామిడాకులు. పూజలో పెట్టిన పనిముట్టును దసరా పొద్దుట తీసేదాకా ముట్టకూడదు. పూజ తప్పిన పనిముట్టు మాత్రం ఏడాదంతా అలుగుతుందని ఆమె అత్త చెప్పిన మాట.

అంతా పేర్చాక ఆమె కన్ను పెట్టె మీద పడింది. ఉంటుందో పోతుందో ఆ గొడవ మామాకోడళ్లది. ఈ పూట మాత్రం ఇంట్లో ఉంది గదా. దాన్నొక్కదాన్నీ ఎడంగా పెడితే అలగదూ? తెచ్చి పీట మీద పెట్టి మూత తీసింది. తీయగానే లోపల వెలుగొచ్చింది. "అగ బాయీ, దీపం తనే పెట్టుకున్నది!" అని మురిసిపోయి, తడి పసుపు వేళ్లతో మీటల మీద అడ్డంగా ఒక పూత, మీద కుంకుమ చుక్కలు, ఆ పైన గుప్పెడు అక్షింతలు. తక్కువ చేయలేదు మహాతల్లి.

దయానంద్ చూసి కెవ్వుమన్నాడు. "అవ్వా! ఏం చేసినవే? అది మనది కాదే! రేపు వాపస్ ఇయ్యాలె!"

"మనది కాకుంటే మన ఇంట్ల ఎందుకున్నది?"

"సర్ ఇప్పుడు దీన్ని తీసుకుంటడా? పసుపు ముద్ద చేసి పెడితివి గదనే!"

రూపాలి పరుగెత్తుకొచ్చి చూసింది. రాత్రంతా ఆపుకున్న ఏడుపు అప్పుడొచ్చింది. గోడ పట్టుకుని కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. జనాబాయి బిక్కచచ్చిపోయింది. "మంచికే చేసిన బిడ్డా, మంచికే చేసిన," అంటూ పసుపు చేతులు గాల్లోనే ఆడించింది.

మామూలుగానైతే బాబురావుకు ఇది పండుగే కావాలి. కాలేదు. తడి పసుపు మీటల సందుల్లోకి దిగుతుంటే చూస్తూ ఉండలేకపోయాడు. ఎవడిదైతేనేం, అది మిషిన్. లోపలికి పోయి పాత పళ్ల బ్రష్షు, మెత్తటి గుడ్డ పట్టుకొచ్చాడు.

"జరుగుండ్రి."

"పూజల పెట్టినదాన్ని ముట్టద్దయ్యా!" అంది జనాబాయి.

"పసుపు ఎండితే బటన్ లేవదు. నవమి అని మిషిన్‌కు ఎరుకైతదా?"

ల్యాప్‌టాప్‌ను ఒడిలోకి తీసుకున్నాడు. ముందు బోర్లించి అక్షింతలు రాల్చాడు. గుడ్డతో పైపూత అద్దాడు. ఒక్కో సందులో బ్రష్షు పెట్టి, విసరకుండా, పైకి పైకి లాగాడు. పసుపు వరకు వచ్చింది గాని దాని మరక పోలేదు. చెరిగినవి చెరగ్గా మిగిలిన ఇంగ్లీషు అక్షరాలన్నీ ఆ మరక కింద మాయమయ్యాయి. ఏ మీట ఏదో ఇప్పుడు దేవుడికే తెలియాలి.

తుడిచాక పట్టేసిన మీట ఏదైనా ఉందేమో చూడాలి. అది అతనికి రోజూ అలవాటే. పదివేళ్లూ మీటల మీద ఆనించి, ఏడుస్తున్న కోడలి వంక చూస్తూ, చేతులను వాటి మానాన వదిలేశాడు. మెత్తగా చిటచిటలాడింది. ఏదీ పట్టేయలేదు.

"బాపూ," అన్నాడు దయానంద్. "గిది నువ్వు కొట్టినవా?"

"ఏంది?"

"స్క్రీన్ సూడు."

తెల్లటి తెర మీద నల్లగా, తీరుగా, మరాఠీలో ఒక వరస ఉంది. "మాననీయ తహసీల్దార్ సాహేబ్ యాంచే సేవేశీ." గౌరవనీయులైన తహసీల్దారు గారి సేవకు అంటూ బాబురావు ప్రతి అర్జీనీ మొదలుపెట్టే వరస. 'ర' వంకర లేదు.

అతను తెర వంక చూశాడు, చేతుల వంక చూశాడు. "దీంట్ల మరాఠీ ఎట్లచ్చింది? ఇవి ఇంగ్లీషు బటన్లు గద!"

రూపాలి ముక్కు తుడుచుకుంటూ దగ్గరికొచ్చింది. "టైప్‌రైటర్ లెక్క పని చేసే ఫాంటు ఉంటది మామా. మీ మిషిన్‌ల ఏ అచ్చరం యాడుంటదో దీంట్ల గూడ ఆణ్నే ఉంటది. పైకే ఇంగ్లీషు. సర్ ఎనక పడి ఎక్కిపిచ్చిన. గదే సూపిద్దమని నిన్న కాగితం తెరిచి కూసున్న."

"మరి నువ్వు?"

"నాకు గీ పద్ధతి రాదు. ఒక్కో అచ్చరం ఎతుక్కుంట కూసుంట. మీ జాగల కూసుండి నేనేం చేస్త మామా? మీ చేతుల కోసమే తెచ్చిన. లైట్ పోతే గాని మిమ్మల్ని ఎవరూ పిలుస్తలేరని..."

ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదనుకున్నాడు బాబురావు. అందరికీ తెలుసు. తెలిసి కూడా ఒక్కరూ తన పరువు తీయలేదు. ఈ పరాయింటి పిల్ల దానికి మందు వెతికి తెస్తే, తను ఆమెకు చావు మాట అప్పజెప్పాడు. నలభై ఏళ్లుగా ఎవరెవరి కష్టమో విని టైపు చేసినవాడు, ఇంట్లో పిల్ల చెప్పబోయింది ఒక్క నిమిషం వినలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోవడానికి మళ్లీ మీటల మీదకు వంగాడు. వేళ్లు తడబడి అడ్డదిడ్డంగా ఏవో అక్షరాలు పడ్డాయి.

"తప్పు పడ్డది," అన్నాడు బొంగురుగా. "కాగితం ఖరాబైంది."

"ఏం కాలే మామా. గీ బటన్ నొక్కుండ్రి." రూపాలి అతని చిటికెన వేలు పట్టుకుని ఒక మీట మీద పెట్టింది. తప్పు అక్షరాలు ఒకటొకటిగా వెనక్కి పోయి మాయమయ్యాయి. మరక లేదు, గీత లేదు.

బాబురావు ఆ ఖాళీ చోటును వేలితో తడిమాడు.

"బిడ్డా," అన్నాడు. "నిన్న నేనన్న మాటకు గూడ గిసొంటి బటన్ ఉంటే బాగుండు."

"నొక్కిండ్రు గద మామా," అంది రూపాలి ఏడుస్తూనే నవ్వి.

దయానంద్ గొంతు సవరించుకున్నాడు. "మరి రేపు సర్‌కు ఏం జెప్పాలె?"

"పూజల పెట్టినదాన్ని వాపస్ ఇస్తరారా ఎవరన్న?" అని బాబురావు కసిరి, ల్యాప్‌టాప్‌ను పీట మీద టైప్‌రైటర్ పక్కన పెట్టి, బంతిపూల దండను రెండింటికీ కలిపి సర్దాడు.

"మల్ల ముట్టినవ్!" అని జనాబాయి నెత్తి కొట్టుకుంది. "హారతి కొండెక్కుతున్నది, లేవుండ్రి. ఏ రూపాలీ, నిన్నటి నుంచి తినలే నువ్వు. దండం పెట్టుకొని దా, నీ పళ్లెం తీసి పెట్టిన."