కింది డెక్కు తలుపు

"ఈ నీళ్లు ముందు నువ్వు తాగు డాట్రమ్మా. తరవాత నాను తాగుతాను."

కుర్చీలో కూర్చున్న పోలమ్మ గ్లాసును వెనక్కి నెట్టింది. ఆమె తలకు సన్నటి వైర్ల టోపీ తొడిగి ఉంది. ఎదురుగా స్క్రీన్ మీద ఆమె మెదడులోని అలలు ఆకుపచ్చ గీతలుగా కదులుతున్నాయి. గ్లాసు దగ్గరికి రాగానే ఆ గీతలు ఒక్కసారిగా ఎగసిపడ్డాయి.

డాక్టర్ తబస్సుమ్ గ్లాసు ఎత్తి సగం తాగింది. ఆమె గొంతు కదలడం చూశాక, కాసేపు ఆగి, పోలమ్మ మిగతా సగం తాగింది.

యారాడ కొండ మీది ఆ ల్యాబ్‌లో అనుమానం కొత్తేమీ కాదు. పోలమ్మ కంటే ముందు ఆ కుర్చీలో కూర్చున్న ముగ్గురూ చనిపోయారు.

అండమాన్ యుద్ధం ముగిసి ముప్పై ఏళ్లు దాటింది. ఆ రోజుల్లో అండమాన్ దీవుల నుంచి మామూలు జనాన్ని విశాఖపట్నం తీసుకొస్తూ 'శరావతి' అనే ఓడ మునిగిపోయింది. శత్రువుల టార్పెడో తగిలిందనీ, కింది డెక్కు తలుపు బిగుసుకుపోయి అక్కడున్నవాళ్లెవరూ బయటపడలేదనీ అప్పట్లో ప్రకటించారు. జనం ఏడ్చారు, స్తూపం కట్టారు, మరిచిపోయారు. నిరుడు సముద్రం అడుగున కేబుల్ వేస్తున్న ఒక రోబో ఆ ఓడ శిథిలాన్ని ఫొటో తీసింది. తలుపు బిగుసుకుపోలేదు. దానికి బయటి నుంచి గడియ వేసి ఉంది.

గడియ ఎవరు వేయించారు? ఆ సమయంలో తలుపు బయట మెట్ల మీద ఉండి, ప్రాణాలతో బయటపడ్డ ప్రయాణికులు నలుగురే. ఎవరికి వాళ్లు ఏదో గొంతు విన్నామన్నారు గాని ఎవరిదో చెప్పలేకపోయారు. అందుకే విచారణ సంఘం తబస్సుమ్ కనిపెట్టిన మెమరీ ఎక్స్‌ట్రాక్టర్ సాయం కోరింది.

మనం పాత సంగతిని గుర్తుచేసుకున్న ప్రతిసారీ మెదడు దాన్ని లోపలి నుంచి బయటికి తీస్తుంది. ఆ కాసేపూ జ్ఞాపకం తడిమట్టిలా మెత్తగా ఉంటుంది. తర్వాత మెదడు దాన్ని గట్టిపరిచి మళ్లీ దాచుకుంటుంది. మెత్తగా ఉన్న ఆ కాసేపట్లోనే ఈ యంత్రం న్యూరాన్ల సంకేతాలను పట్టుకుని, శబ్దంగానూ మసక బొమ్మలుగానూ మార్చి రికార్డు చేస్తుంది. మనిషి పోల్చుకోలేని గొంతును కూడా యంత్రం పోల్చిపెడుతుంది. మొదట చిన్న ట్రయల్ జరుగుతుంది. కొన్నాళ్లు విశ్రాంతి ఇచ్చి అసలు రికార్డింగ్ చేస్తారు.

ముగ్గురు సాక్షులూ ఆ మధ్యకాలంలోనే పోయారు. ఒకాయన మేడమెట్ల మీంచి జారిపడ్డాడు. ఇంకొకాయన గదిలో గ్యాస్ లీకైంది. రాజ్యమనే ఆవిడ నిద్రలోంచి లేవనే లేదు. ముగ్గురినీ పోలీసులు రహస్యంగా ఉంచిన ఇళ్లలోనే ఇదంతా జరిగింది.

ఆ ఇళ్ల చిరునామాలు దర్యాప్తు అధికారి బెహరా సుదర్శన్‌కు తెలుసు. అందుకని తబస్సుమ్‌కు ఆయన మీద అనుమానం. ముగ్గురూ ల్యాబ్‌కు వచ్చి వెళ్లాకే చనిపోయారు. అందుకని సుదర్శన్‌కు ఆమె మీద అనుమానం. పోలమ్మకు ఇద్దరి మీదా అనుమానమే. అందుకే ఈసారి ఆమెను ఏ ఇంటికీ పంపకుండా, ఇద్దరి కళ్లెదుటే, ల్యాబ్‌లోనే ఒక గదిలో ఉంచారు.

ట్రయల్ అయిన మూడో రోజు పొద్దున గేటు దగ్గరికి ఒక పార్సెల్ వచ్చింది. పైన పోలమ్మ పేరు రాసి ఉంది. లోపల బీపీ మాత్రలు ఉన్నాయి.

సుదర్శన్ డబ్బాను బల్ల మీద పెట్టి తబస్సుమ్ వైపు చూశాడు. "ఈవిడ ఇక్కడున్న సంగతి మనిద్దరికే తెలుసు మేడమ్. నేనెవరికీ చెప్పలేదు."

"అంటే నేను చెప్పాననా?"

"నేననట్లేదు. మీరే ఆలోచించండి."

"ఆలోచిస్తూనే ఉన్నానండీ. మీ కాపలాలో ఉన్నవాళ్లే ఎందుకు పోతున్నారా అని."

పోలమ్మ మంచం మీంచి లేచి వచ్చింది. "ఏటి గొడవ? అవి నా మందులే కదా. బాబుగోరు పంపినారు. నానే ఫోన్ సేసి అడిగినాను."

"ఎవరి ఫోన్?" సుదర్శన్ గొంతు మారింది. సాక్షుల ఫోన్లన్నీ ఆయనే తీసి దాచిపెట్టాడు.

"డాట్రమ్మదే. మందులు అయిపోనాయి, ఒకపాలి ఇయ్యమ్మా అంటే ఇచ్చినాది."

తబస్సుమ్ బల్ల మీది తన ఫోన్ వైపు చూసింది. రాజ్యం కూడా అలాగే అడిగింది. మిగతా ఇద్దరూ అడిగారు. మాకు సాయం చేసే పెద్దాయనకు ఒక్క మాట చెప్పుకోవాలన్నారు. ముసలివాళ్లు కదా అని ఇచ్చింది. ఎక్కడ ఉంచుతున్నారో, ఎప్పుడు తీసుకెళ్తున్నారో వాళ్ల నోటితో వాళ్లే చెప్పుకున్నారు.

"ఎవరమ్మా ఈ బాబుగారు?" అంది.

"సిత్తరంజన్ బాబు. ఆ ఓడలో ఆయనే పెద్ద ఆఫీసరు. మాకోసం ట్రస్టు పెట్టినాడు. నాకు ఇల్లు కట్టించినాడు, కన్ను ఆపరేషన్ సేయించినాడు. ఆయన్ని అనుమానిస్తారేటి? మీ ఇద్దరికంటే నాకు ఆయనమీదే నమ్మకం."

తబస్సుమ్ ఒక మాత్రను పక్కగదిలోని ఎనలైజర్‌లో వేసింది. రిపోర్టు రాగానే సుదర్శన్‌కు చూపించింది. అది బీపీ మందు కాదు. గుండెను మెల్లగా ఆపేసే మందు.

చిత్తరంజన్‌ను ప్రశ్నించారు. ఆయన ఏమాత్రం తడబడలేదు. పార్సెల్ ఎన్నో చేతులు మారిందనీ, ఎవరో మాత్రలు మార్చి ఉంటారనీ అన్నాడు. "ముప్పై ఏళ్లుగా సాకుతున్నవాళ్లను నేనెందుకు చంపుతానండీ?" అని అడిగాడు. అది న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు ఒక్కచోటే ఉంది, పోలమ్మ తలలో.

ఆ సాయంత్రం తబస్సుమ్ ఆమె పక్కన కూర్చుంది.

"ఒక మాట దాచకుండా చెప్పాలి. ఈ యంత్రం బయటికి తీసిన జ్ఞాపకాన్ని మెదడు మళ్లీ దాచుకోలేదు. ఆ తలుపు దగ్గర జరిగిందీ, దాని గురించి ఇప్పుడు మనం మాట్లాడుకుంటున్నదీ మీకిక గుర్తుండదు."

పోలమ్మ తన అరచేతుల వైపు చూసుకుంది. ఆ రోజు మంచినీళ్ల కోసం పైకి వెళ్లి, ఓడ అదిరిపడగానే వెనక్కి పరుగెత్తుకొచ్చింది ఆమె. తలుపు అవతల పద్నాలుగేళ్ల చెల్లెలు చిట్టి ఉంది.

"నీళ్లు మెల్లగానే ఎక్కినాయి తల్లీ," అంది. "గడియ తీసుంటే అందరూ వొచ్చేద్దురు. అది 'అక్కా, అక్కా' అని తలుపు కొడతానే ఉంది. మా సిట్టి ఆకరి మాట నాకాడ అదొక్కటే ఉన్నాది."

"వద్దంటే మానేద్దాం. బలవంతం లేదు."

"నానొక్కదాన్నే ఇన్నేళ్లూ ఇన్నాను. ఇప్పుడు అందరూ ఇనాలి. తీసెయ్యి." మళ్లీ తనే అంది: "కానీ అది బాబుగోరి గొంతు అవదు. సూడు."

మర్నాడు రికార్డింగ్ జరిగింది. సుదర్శన్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మొదట నీళ్ల హోరు. తర్వాత ఇనుప తలుపు మీద చేతుల చప్పుడు. ఆడపిల్ల కేక. దాని మీదుగా ఒక మగగొంతు గట్టిగా, తొందర లేకుండా వినిపించింది: "గడియ తియ్యొద్దు. వీళ్లందరూ పైకొస్తే పడవల్లో చోటుండదు. మిసైల్ పెట్టెలు ముందు ఎక్కించండి. ఇందులో ఆయుధాలున్నాయని బయటికి పొక్కకూడదు."

జనాన్ని తరలించే ఓడ అని పేరు చెప్పి, వాళ్ల మాటున ఆయుధాలు తెచ్చారన్నమాట. యంత్రం ఆ గొంతును చిత్తరంజన్ పాత ప్రసంగాలతో పోల్చింది. తేడా లేదు. ట్రస్టు మందుల గోదాములో పనిచేసే ఇద్దరు ఆ సాయంత్రమే పట్టుబడి అంతా చెప్పేశారు. చిత్తరంజన్ ఇన్నేళ్లూ ఆ నలుగురికీ సాయం చేసింది దయతో కాదు, కళ్లముందు ఉంచుకోవడానికి.

కోర్టులో రికార్డు వినిపించినప్పుడు జడ్జిగారు కళ్లద్దాలు తీసి పక్కన పెట్టారు. వెనక బెంచీల్లో ఆడవాళ్లు గొల్లుమన్నారు. పోలమ్మ మాత్రం తల పక్కకు వంచి, పరాయివాళ్ల కథ వింటున్నట్టు విన్నది.

"గొంతు మా సిట్టి గొంతులాగే ఉన్నాది," అంది బయటికొచ్చాక. "కానీ నానక్కడ లేను కదా."

చిత్తరంజన్‌కు యావజ్జీవ శిక్ష పడింది. సుదర్శన్‌కు ప్రమోషన్ వచ్చింది. తబస్సుమ్ యంత్రాన్ని మరో నాలుగు రాష్ట్రాలు కొన్నాయి. ఆమెకు మాత్రం నిద్ర సరిగ్గా పట్టడం లేదు. కళ్లు మూసుకుంటే ఇనుప తలుపు మీద చేతుల చప్పుడు, 'అక్కా, అక్కా' అన్న పిలుపు. ఆ రికార్డును ఎన్నోసార్లు విని పరీక్షించింది ఆమే మరి.

రెండేళ్లు గడిచాక సుదర్శన్ నుంచి ఫోన్ వచ్చింది. "చిత్తరంజన్ తనకు జబ్బుచేసిందని క్షమాభిక్షకు అర్జీ పెట్టుకున్నాడు మేడమ్. కొత్త చట్టం ప్రకారం బతికున్న బాధితురాలు ఒప్పుకుంటే వదిలేస్తారు. పోలమ్మగారు సంతకం పెట్టడానికి జైలుకు వెళ్తున్నారట."

తబస్సుమ్ కారు ఆపేసరికి పోలమ్మ జైలు గేటు దగ్గర బెంచీ మీద కూర్చుని ఉంది. ఒళ్లో కమలాపళ్ల సంచీ ఉంది.

"అమ్మా, సంతకం పెట్టొద్దు. మీ చెల్లెల్ని చంపింది ఆయనే. మిమ్మల్నీ చంపబోయాడు."

"ఎవులు సెప్పినారు? మీ యంత్రమా? ఆ మాత్రల్లో విసం ఉన్నాదని తేల్చింది కూడా మీ ల్యాబే కదా." పోలమ్మ చూపులో ఒకప్పుడు నీళ్ల గ్లాసును చూసిన అనుమానమే ఉంది. "మా సిట్టి యుద్ధంలో పోనాది. అందరూ పోనట్టే. ఈ బాబు నాకు కన్నిచ్చినాడు, కూడెట్టినాడు. నాకు గుర్తున్నది అదీ."

"మీరే గదమ్మా అందరూ వినాలన్నారు!"

"నానా?"

లోపలి నుంచి పిలుపు వచ్చింది. పోలమ్మ సంచీ సర్దుకుని లేచింది. తబస్సుమ్ ఆమె చెయ్యి పట్టుకుంది. వదల్లేకపోయింది. కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి.

పోలమ్మ ఆ మొహంలోకి జాలిగా, వింతగా చూసింది.

"నీకెందుకమ్మా ఆ ముసలాయన మీద ఇంత పగ?" అని అడిగింది. "ఆ ఓడలో మీవోళ్లు ఎవులైనా పోనారేటి?"