ముప్పై అడుగుల దూరం

ఇరవై రెండు శాతం.

పరుగు!

మెర్లిన్ పరుగెత్తుతోంది. కుడిచేతిలో ఫోన్. ఎడమ భుజం మీద హీరో చొక్కాలు మూడు... ఎవరైనా ఆపితే చూపించడానికి.

చుట్టూ రాత్రి. పాతబస్తీ సందు. మూసి ఉన్న దుకాణాలు. పైనుంచి నీలం వెన్నెల.

దుకాణాలు ప్లైవుడ్. వెన్నెల రెండు పెద్ద లైట్లు. ఫిలింనగర్‌లోని ఈ షెడ్డు బయట మధ్యాహ్నం రెండున్నర. ఎండ మండిపోతోంది. లోపల మాత్రం నెల రోజులుగా రాత్రే.

లంచ్ బ్రేక్. యూనిట్ అంతా బయట పందిరి కింద భోజనాల దగ్గర ఉంది.

ఆమె తల పైకెత్తి చూస్తుంది.

ఇరవై అడుగుల ఎత్తులో, లైట్లు కట్టే చెక్క బాట. దాని మీద ఒక నీడ పరుగెత్తుతోంది. తిరుమలేశ్. లైట్‌మన్.

అతని వెనక ఇంకో నీడ. లావుపాటిది. జంగయ్య. ప్రొడక్షన్ వాళ్ల సెక్యూరిటీ.

"ఆగురా! ఆగకుంటే కాళ్లు ఇరగ్గొడ్త!"

ఇరవై ఆరు.

తిరుమలేశ్ చేతిలో ఒక పాత ఫోన్. అందులో ఒక వీడియో. ఒక నిమిషం యాభై సెకన్లు. అది ఆ ఫోన్‌లోంచి ఈ ఫోన్‌లోకి దిగుతోంది. నెట్ లేదు. సిమ్ లేదు. గాల్లోంచి... నేరుగా!

ఒక్కటే షరతు. రెండు ఫోన్ల మధ్య ముప్పై అడుగులు దాటకూడదు.

అందుకే అతను పైన ఎటు పరుగెత్తితే ఆమె కింద అటే పరుగెత్తుతోంది.

ముప్పై ఒకటి.

ఆ వీడియోలో ఆమె తమ్ముడు ఉన్నాడు.

ప్రేమ్ చంద్. ఇరవై ఏడేళ్లు. లైట్‌మన్. పంతొమ్మిది రోజుల క్రితం, ఇదే సందులో, వాన సీను తీస్తుండగా కరెంటు కొట్టి చనిపోయాడు. తాగి వైరు పట్టుకున్నాడని కాగితాల్లో రాశారు.

ప్రేమ్ తాగడు. అరవై మంది యూనిట్‌కీ ఆ సంగతి తెలుసు. అరవై మందీ ఆ రోజు ఏమీ చూడలేదన్నారు.

మెర్లిన్ సమాధి దగ్గర ఏడవలేదు. మూడో రోజు పనిలోకి వచ్చింది. చొక్కాలు ఇస్త్రీ చేసింది. ఎందుకొచ్చావు తల్లీ అని అడిగిన వాళ్లకు, బట్టలన్నీ నా దగ్గరే ఉన్నాయి కదండీ, అని చెప్పింది.

ముప్పై నాలుగు... ముప్పై నాలుగు... ముప్పై నాలుగు...

ఆగిపోయింది!

ఆమెకు అడ్డంగా రేకు గోడ. తిరుమలేశ్ గోడ అవతలికి వెళ్లిపోయాడు.

కుడివైపు దారి లేదు. ఎడమవైపు ఇరానీ హోటల్. హోటల్ కాదు... గుడ్డ మీద గీసిన బొమ్మ.

మెర్లిన్ కళ్లు మూసుకుని, ఆ బొమ్మలోని సమోసాల అద్దం మీదికి దూకుతుంది.

గుడ్డ చిరిగింది. ఆమె అవతల పడింది. మోకాలు కొట్టుకుంది. నొప్పి తెలియలేదు. ఈ మధ్య ఏదీ తెలియడం లేదు.

ముప్పై ఐదు.

కదిలింది!

* * *

పన్నెండు రోజుల క్రితం మోతీనగర్‌లో, టీ కొట్టు వెనక బల్ల మీద కూర్చుని ఇద్దరూ ఈ యాప్‌ను ఎంచుకున్నారు.

"మామూలు గ్రూపులో పెట్టేయొచ్చుగా తిరుమలేశ్?"

"గదే చేసిన అక్కా. వైరు ఫోటో ఎవరి దగ్గరన్న ఉందా అని ఒక్క మాట అడిగిన. తొమ్మిది నిమిషాలల్ల బసవపున్నయ్య సార్ ఫోన్ చేసిండు. ఏం తిరుమలేశ్, ఫోటోగ్రఫీ నేర్చుకుంటున్నావా అన్నడు."

బసవపున్నయ్య ప్రొడక్షన్ మేనేజర్. యూనిట్‌లో ఏ గ్రూపు పెట్టినా అందులో ఆయన మనిషి ఒకడు ఉంటాడు.

రెండో యాప్ గట్టిదే. కాని చేరాలంటే ఫోన్ నంబర్ అడిగింది. యూనిట్ నంబర్లన్నీ బసవపున్నయ్య ఫోన్‌లో ఉన్నాయి. ఎవరు చేరినా ఆయనకు ఇట్టే కనిపిస్తుంది.

మూడోది నంబర్ అడగలేదు. నెట్ అడిగింది. రేకుల షెడ్డులో నెట్ రాదు. తిరుమలేశ్ ఆ రోజు వీడియో తీసిన పాత ఫోన్‌కు సిమ్మే లేదు. పైగా అది ఇంకా షెడ్డులోనే, పైన చెక్కల సందులో ఉంది. ప్రేమ్ పడిపోగానే అక్కడ దాచేశాడు. గేటు దగ్గర ఒళ్లంతా తడిమి చూస్తున్నారు. బయటికి తేవడం కుదరదు.

నాలుగోది ఇది. నెట్ రాని సెట్లలో వాడుకోవడానికి తిరుమలేశ్ దీన్ని ఆ పాత ఫోన్‌లో ఎప్పుడో వేసుకున్నాడు. మధ్యలో కంపెనీ లేదు. మాటలు దాచుకునే చోటు ఎక్కడా లేదు. ఒక ఫోన్‌లోంచి ఇంకో ఫోన్‌లోకి, అందులోంచి పక్కదానికి, అంతే. గ్రూపులో చేరాలంటే ఎదురెదురుగా నిలబడి, ఒకరి తెర మీది గళ్ల క్యూఆర్ బొమ్మను ఇంకొకరు ఫోన్‌తో చూడాలి. ఎదురుగా రాలేనివాడు లోపలికి రాలేడు. మరో ఏడుగురు లైట్‌మెన్ అలాగే, ఒక్కొక్కరే ఆ బల్ల దగ్గరికి వచ్చి చేరారు.

"మరి పోతే?" అని అడిగింది మెర్లిన్.

"పోతే పోయినట్టే అక్కా. యాడికెళ్లి తెచ్చుకోనీకి లేదు."

ఆమె టీ పూర్తిగా తాగింది. గ్లాసు బల్ల మీద పెట్టింది.

"సరే. ఇదే ఉంచు."

* * *

అరవై ఎనిమిది.

రేపు ఈ సెట్ పీకేస్తారు. చెక్కలన్నీ కిందికి దించుతారు. ఫోన్ దొరికిపోతుంది. ఇవాళే ఆఖరి రోజు.

లంచ్‌లో పని అయిపోతుందనుకున్నారు. కాని భోజనాల లైన్లో తిరుమలేశ్ లేడని జంగయ్య గమనించాడు.

డెబ్బై మూడు.

చెక్క బాట చివరికొచ్చింది. అక్కడ నిచ్చెన. దిగితే వెనక గుమ్మం. గుమ్మం అవతల ఎండ, గోడ, గోడ దూకితే జూబ్లీహిల్స్ రోడ్డు. తిరుమలేశ్ తప్పించుకోవచ్చు.

దిగి బయటపడితే ముప్పై అడుగులు దాటుతాయి.

తిరుమలేశ్ కిందికి చూశాడు. మెర్లిన్‌ను చూశాడు.

నిచ్చెన మీద పెట్టిన కాలు వెనక్కి తీసుకున్నాడు!

చెక్క మీద బోర్లా పడుకున్నాడు. ఫోన్ ఉన్న చేతిని కిందికి, ఆమె వైపు, చాచగలిగినంత చాచాడు.

ఎనభై ఒకటి.

జంగయ్య వచ్చి పడ్డాడు. వీపు మీద ఒక గుద్దు. ఇంకొకటి.

"ఇయ్యిరా ఫోన్! ఇయ్యి!"

"కొట్టన్నా. కొట్టు. తొందరేముంది..."

ఎనభై తొమ్మిది.

జంగయ్య అతని మణికట్టు మీద బూటు పెట్టి తొక్కాడు. వేళ్లు విడలేదు.

తొంభై నాలుగు.

మెర్లిన్ కదలడం లేదు. తల ఎత్తి చూస్తూ నిలబడింది. కళ్లు ఫోన్ మీదికి, పైకి, ఫోన్ మీదికి.

తొంభై ఏడు...

తొంభై తొమ్మిది...

టిక్.

"వచ్చింది" అంది ఆమె. గట్టిగా కాదు.

పైన వేళ్లు విడిపోయాయి. ఫోన్ ఇరవై అడుగులు కిందికొచ్చి ఆమె చెప్పుల ముందు పడింది. మూడు ముక్కలు!

ఇప్పుడు లోకంలో ఆ వీడియో ఒక్క చోటే ఉంది.

ఆమె చొక్కాలు సర్దుకుని కాస్ట్యూమ్ రూమ్ వైపు నడిచింది. పరుగెత్తితే అనుమానం వస్తుంది.

* * *

గడియ పెట్టింది.

ఇస్త్రీ బల్ల. నానబెట్టిన బట్టల బకెట్. కిటికీ కింద నీలం టబ్బు, నిండా ఫోన్లు. సెట్ ఫొటోలు బయటికి పోకుండా పొద్దున్నే గేటు దగ్గర అందరి ఫోన్లూ తీసుకుంటారు. తాళం ఉన్న గది ఇదొక్కటే కాబట్టి ఇక్కడ పెడతారు. ఏ సీనుకు ఏ చొక్కానో ఫొటో తీసుకోవాలి కనుక కాస్ట్యూమ్ వాళ్లకు మాత్రం ఫోన్ ఉంచుతారు.

మెర్లిన్ బల్ల మీద కూర్చుని వీడియో నొక్కింది.

వాన. తడిసిన నేల. మోకాళ్ల మీద వంగి ప్రేమ్. నల్ల వైరును కర్రపుల్లతో ఎత్తి చూపిస్తున్నాడు. పైతొడుగు ఊడి రాగి మెరుస్తోంది.

"తీస్తున్నావా అన్నా? దగ్గరగా తియ్యి. ఇది మార్చకుండా నేను లైటు స్టాండ్ ముట్టుకోను."

పంతొమ్మిది రోజుల తర్వాత అతని గొంతు.

మెర్లిన్ మొహంలో ఏమీ కదలలేదు.

కెమెరా పక్కకు తిరిగింది. గొడుగు కింద బసవపున్నయ్య.

"ఒక్క షాటే కదయ్యా! హీరోగారు నాలుగింటికి వెళ్లిపోవాలి. స్టాండ్ పట్టుకో, కానివ్వు. వైరు తర్వాత మార్పిస్తాలే."

"సార్, నీళ్లున్నాయండీ..."

"రేపటి నుంచి పనిలోకి రావా ఏంటి?"

ప్రేమ్ కర్రపుల్ల కింద పెట్టాడు. లేచాడు. స్టాండ్ పట్టుకున్నాడు.

ఇది చాలు. ఇంతకంటే ఏం కావాలి!

వీడియో ఇంకా నాలుగు సెకన్లు ఉంది.

దూరంగా ఎవరిదో కేక. "లైట్స్!"

తెర అంచున ఒక చెయ్యి లేచింది. ఫోన్ పట్టుకున్న మనిషి రెండో చెయ్యి. మణికట్టుకు ఎర్ర దారం. వేళ్లు స్విచ్ మీదికి వెళ్లాయి.

వేశాయి.

తెల్లటి వెలుగు. వీడియో అక్కడితో అయిపోయింది.

ఆ ఎర్ర దారాన్ని ఆమె ఇందాకే చూసింది. జంగయ్య బూటు కింద.

మళ్లీ వేసి చూసింది. చివరి నాలుగు సెకన్లు. మళ్లీ.

యాప్‌లో రెండు బొమ్మలున్నాయి. ఒకటి కత్తెర. ఒకటి గ్రూపుకు పంపే బాణం. కత్తెర నొక్కితే నాలుగు సెకన్లు పోతాయి. బసవపున్నయ్య మిగులుతాడు. తిరుమలేశ్ పోతాడు... వీడియోలోంచి.

దబ్! దబ్! దబ్!

"మెర్లిన్ గారూ! తలుపు తియ్యండమ్మా."

ఆమె బొటనవేలు కదిలింది. ఫోన్‌ను మడత చొక్కా కింద పెట్టింది. వెళ్లి గడియ తీసింది.

బసవపున్నయ్య. వెనక జంగయ్య. జంగయ్య చేతిలో తిరుమలేశ్ కాలర్. తిరుమలేశ్ పెదవి చిట్లింది.

మేనేజర్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తొందరేమీ లేనట్టు.

"చూశారా?"

"చూశానండీ."

"చివరిదాకా?"

"చివరిదాకా."

"అయితే ఇంక నేను చెప్పేదేముంది! స్విచ్ వేసింది నేనా, వీడా?"

మెర్లిన్ తిరుమలేశ్ వైపు చూసింది. అతను తల దించుకోలేదు.

"నేనే అక్కా. నీకు చెప్పాలె... నోరు రాలే. వైరు తీస్తున్న. లైట్స్ అని కేక ఇనవడ్డది. పదహారేండ్ల సంది గా కేకకు చెయ్యి అదే లేస్తది. చెవి విన్నది, చెయ్యి వేసింది. వాడు స్టాండ్ పట్టుకున్నడని చెయ్యి వేసినంక యాదికొచ్చింది."

"మీరు కానివ్వమన్నారు" అంది మెర్లిన్, మేనేజర్‌తో.

"చెప్పడం వేరు. వెయ్యడం వేరు. అన్నవాడికి లాయర్ చాలు. వేసినవాడికి జైలు." ఆయన గొంతు మెత్తగా ఉంది. "వీడికి ఇద్దరు ఆడపిల్లలు. మీ తమ్ముడు ఎత్తుకుని తిప్పేవాడు, నేనే చూశాను. ఆ పిల్లల నాన్నని లోపలికి పంపుతారా? వద్దమ్మా. తుడిచెయ్యండి. అందరం బతుకుదాం."

"ప్రేమ్ తాగాడని రాశారు."

"కాగితం మీద ఏదో ఒకటి రాయాలి కదా తల్లీ."

"ఎవరు రాయించారు?"

"నేనే. కాదనను. ఇప్పుడు అదంతా ఎందుకు?"

జంగయ్య అటూ ఇటూ కదిలాడు. "సార్, జల్ది కానియ్యుండ్రి. గీమె ఏడ్వది, ఒర్లది. నాకు గదే భయమైతది."

"నువ్వాగరా." బసవపున్నయ్య చెయ్యి చాచాడు. "ఫోన్ ఇవ్వండమ్మా."

ఆమె ఇవ్వలేదు. ఇస్త్రీ పెట్టె వైపు చూసింది. చొక్కా కాలర్ సరిచేసింది.

"ఆ రోజు వాడు అన్నం తిన్నాడాండీ?"

"ఏంటి?"

"షాట్‌కి ముందు. తిన్నాడా?"

మేనేజర్ వాచీ చూసుకున్నాడు. జంగయ్య నేల చూశాడు.

"తిన్లే అక్కా" అన్నాడు తిరుమలేశ్. "వైరు మార్చినంక తింటనన్నడు."

ఆమె తల ఊపింది. ఇంకో మడత వేసింది. ఇంకొకటి.

బసవపున్నయ్య లేచాడు. ఒక్క ఊపున చొక్కాలు తోసేశాడు. ఫోన్ దొరికింది!

తెర చూడలేదు. చూడాల్సిన పని లేదు. ఈ యాప్ సంగతి తిరుమలేశ్‌ను కొట్టి రాబట్టి, ఆయనకు ఇందాకే జంగయ్య చెప్పాడు. నెట్‌లో ఉండదు, పోతే పోయినట్టే.

ఫోన్‌ను బకెట్‌లో వేశాడు. సబ్బు నీళ్లలో మోచేతి దాకా ముంచి పట్టుకున్నాడు. బుడగలు వచ్చాయి. ఆగిపోయాయి.

చెయ్యి తుడుచుకున్నాడు.

"అయిపోయింది. ఎవరికీ ఏమీ లేదు. వెళ్లి భోజనం చెయ్యండి."

గుర్ర్...

టబ్బులో ఒక ఫోన్ కదిలింది.

గుర్ర్... ఇంకొకటి.

మూడు. నాలుగు. ఒకదాని మీద ఒకటి పడి వణుకుతున్నాయి. ఐదు. ఆరు.

ఏడు!

బసవపున్నయ్య టబ్బులోకి వంగి చూశాడు.

ఏడు తెరల మీద ఒకటే బొమ్మ. వానలో మోకాళ్ల మీద వంగిన కుర్రాడు. చేతిలో కర్రపుల్ల.

బయట లంచ్ అయిపోయినట్టుంది. తమ ఫోన్ల కోసం లైట్‌మెన్ వరండాలో అడుగుల చప్పుడు చేస్తూ వస్తున్నారు.

జంగయ్య చెయ్యి కాలర్ మీంచి జారిపోయింది.

తిరుమలేశ్ పెదవి మీది రక్తాన్ని భుజంతో తుడుచుకున్నాడు. ఆమెను అడిగాడు.

"అక్కా... కోసినవా?"

మెర్లిన్ చివరి చొక్కా మడత పెట్టింది.

"లేదు."