చూడాలి సార్

“మా మావయ్యని చంపింది ఎవరండీ?”

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పనిలో మునిగి ఉన్న అతనికి ఆ మాట సగమే వినపడింది. తలెత్తి చూస్తే ఎదురుగా, ఆ ఉదయమే ఉద్యోగంలో చేరిన కొత్తమ్మాయి. చేతిలో అరచేయంత గేమ్ మెషిన్. కళ్ళలో నిప్పులు.

గబగబా హెడ్‌ఫోన్స్ తీసేసి లేచి నిలబడ్డాడు. “అయ్యో! ఎప్పుడు జరిగిందండీ?”

“నన్నడుగుతారేంటి? మొన్న గురువారం మీరే చేశారట!”

“నేనా?”

“మీరే. అదీ ఆయన గాల్లో ఉండగా!”

గదిలో ఉన్న ఆరుగురూ గొల్లుమన్నారు. ఆమె మాట్లాడుతున్నది మతిమరుపు మావయ్య గురించని అప్పుడు గానీ అతని బుర్రకి ఎక్కలేదు.

ఇరవై ఏళ్ళ కిందట పిల్లలు టీవీకి తగిలించుకుని ఆడిన ఆట అది. బట్టతల, బాన పొట్ట, ఒక కాలికే చెప్పు ఉన్న మావయ్య తన కళ్ళజోడు కోసం మేడల మీద నుంచి మేడల మీదకి దూకుతూ పోతుంటాడు. కళ్ళజోడు ఆయన నుదుటి మీదే ఉంటుంది. దూకడం మొదలుపెట్టి, ఎందుకు దూకాడో సగంలో మర్చిపోయి, గాల్లోనే ఆగి తల గోక్కుంటాడు. గుర్తొచ్చాక అప్పుడు కింద పడతాడు. ఆ పాత ఆటనే ఇప్పుడు చేతిలో పట్టుకుని ఆడుకునే చిన్న మెషిన్ కోసం కొత్తగా తయారుచేస్తున్నారు.

అంత ఆటనీ అంత చిన్న మెషిన్లో ఇరికించడం అతని పని. ఇక్కడ కాస్త, అక్కడ కాస్త కోసేసేవాడు కాబట్టి ఆఫీసంతా అతన్ని కత్తెర అనేది. తల గోక్కునే బొమ్మలు తొమ్మిదీ అలాగే ఎగిరిపోయాయి.

“తొమ్మిది బొమ్మలు తీస్తే ఎంత చోటు మిగిలిందో తెలుసా అండీ?” అన్నాడు.

“మిగిలిన చోట్లో ఏం పెట్టారు?”

“ఏమీ పెట్టలేదు.”

“మరి తీయడం దేనికి?”

అతను తల గోక్కున్నాడు. ఆమె దగ్గర మాత్రం జవాబులు చాలా ఉన్నాయి. బొమ్మలు గీయడానికి వచ్చిన మనిషి, మొదటి రోజే ప్రోగ్రామరుకి గంటసేపు క్లాసు పీకింది. సాయంత్రానికి ఆమెకీ ఒక పేరొచ్చింది, మావయ్య కోడలు అని.

ఆ ఆదివారం పొద్దున అతను రెండు రకాల మావయ్యల్నీ అక్క చేతిలో పెట్టాడు. చిన్నప్పుడు అక్కా తనూ ఆ ఆట కోసం జుట్లు పట్టుకున్నవాళ్ళే. కోసేసిన మావయ్యని చూసి అక్క, “బానే ఉందిరా,” అంది. కొత్తమ్మాయి వెనకేసుకొచ్చిన మావయ్య గాల్లో ఆగి తల గోక్కోగానే పొట్ట పట్టుకుని నవ్వింది. ఎక్కిళ్ళు వచ్చేదాకా నవ్వి, నీళ్ళు తాగి, తమ్ముడి మొహం చూసింది.

“ఎవర్రా ఆ అమ్మాయి?”

“ఏ అమ్మాయి?”

“నేను నవ్వుతుంటే గర్వంగా చూస్తున్నావు చూడు, ఆ అమ్మాయి.”

సోమవారం తొమ్మిది బొమ్మలూ వెనక్కి వచ్చాయి. “క్షమించండి, మీ మావయ్య బతికాడు,” అని చీటీ రాసి ఆమె బల్ల మీద పెట్టాడు. ఆమె దాని కిందే, “కోలుకోవడానికి ఇంకో రెండు బొమ్మలు కావాలట,” అని రాసి పంపింది. ఇచ్చాడు.

అలా మొదలైంది. ఆమె రెండు అడిగితే అతను ఒకటంటాడు. పోట్లాడుకుని ఒకటిన్నర దగ్గర ఆగుతారు. సగం బొమ్మ ఎలా ఉంటుందని ఆఫీసులో ఎవరూ అడగలేదు. ‘మీరు’ ఎప్పుడు ‘నువ్వు’ అయిందో వాళ్ళిద్దరికీ గుర్తులేదు.

ఒక సాయంత్రం బస్టాపులో వాన పట్టుకుంది. రేకు కప్పు కింద ఇద్దరే ఉన్నారు. రోడ్డు దాటబోయి, గుంట చూసి, దూకాలా వద్దా అని ఒంటికాలి మీద ఆగిపోయిన ఒక లావుపాటి పెద్దమనిషిని ఆమె మోచేత్తో పొడిచి చూపించింది.

“చూడు, మన మావయ్య!”

ఆయన దూకాడు. సరిగ్గా గుంటలోనే పడ్డాడు. ఆమె పెద్దగా నవ్వి, వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, “అయ్యో, పాపం!” అంటూ గొడుగు పట్టుకుని ఆయన దగ్గరికి పరిగెత్తింది. తడిసి ముద్దై తిరిగొచ్చింది. గొడుగు ఆయనకే ఇచ్చేసిందట.

“మరి నీకు?” అన్నాడు అతను.

“నువ్వున్నావుగా.”

అతని దగ్గర కూడా గొడుగు లేదని ఇద్దరికీ తెలుసు. అతను ఏదో అనబోయాడు. ఆమె జుట్టు పిండుకుంటూ, వినడానికి సిద్ధంగా అతని వైపు తిరిగింది. అంతలో బస్సు వచ్చింది. రేపు చెప్పొచ్చులే అనుకున్నాడు. ఆ రేపు తర్వాత చాలా రేపులు వచ్చాయి.

నాలుగో నెలలో, ఆ మెషిన్ తయారుచేసే కంపెనీ నుంచి ఇద్దరు ఆటని చూడటానికి వచ్చారు. వాళ్ళు ఊ అంటేనే ఆట బయటికి వెళ్తుంది. పొడుగాటి బల్ల చుట్టూ అందరూ కూర్చున్నారు. వచ్చినవాళ్ళలో ఒకాయన ఆడుతూ రెండుసార్లు నవ్వాడు. తమ ఆఫీసు పెద్దసారు మొహం వెలిగిపోయింది.

మూడో అంచెలో మావయ్య మెట్ల మీద నుంచి దొర్లుతూ దొర్లుతూ ఆగిపోయాడు. అందరూ నవ్వారు, అది కూడా తమాషానే అనుకుని. కానీ మావయ్య కదల్లేదు. ఏ మీట నొక్కినా కదల్లేదు.

ఎందుకో అతనికి ఆ క్షణంలోనే తెలిసిపోయింది. ఆట త్వరగా మొదలవ్వాలని ముందురోజు తనొక మార్పు చేశాడు. ఎవరికీ చెప్పలేదు. పూర్తిగా ఆడి చూసుకోనూ లేదు.

పెద్దసారు గొంతు సవరించుకున్నాడు. “ఆ అమ్మాయి బొమ్మలు మెషిన్‌కి బరువెక్కువైనట్టున్నాయి. అంతేనా?”

ఆమె చప్పున అతని వైపు చూసింది. ఆ చూపులో భయం లేదు. ఆ బొమ్మల బరువు కొలిచినవాడు అతనే. లెక్కకి లోపలే ఉన్నాయని వారం కిందట చెప్పినవాడూ అతనే.

“చూడాలి సార్,” అన్నాడు అతను.

అది అబద్ధం కాదని తర్వాత ఎన్నోసార్లు తనకి తాను చెప్పుకున్నాడు. అవును అనలేదు, కాదు అనలేదు. చూడాలి అన్నాడు, అంతే. ఆమె మాత్రం మెల్లగా తల దించుకుని, బల్ల మీద తన వేళ్ళని చూసుకుంటూ కూర్చుంది.

తప్పు సరిదిద్దడానికి అతనికి నలభై నిమిషాలు పట్టింది. మర్నాడు ఉదయం, మిగిలిన బొమ్మల పని బయటివాళ్ళకి ఇస్తున్నామని పెద్దసారు ఆమెకి చెప్పాడు. ఆమె వాదించలేదు. సంచి భుజానికి తగిలించుకుని, వెళ్ళేముందు అతని బల్ల దగ్గర ఆగింది.

“నిన్న అందరూ వెళ్ళిపోయాక కూడా కూర్చున్నాను. నువ్వు వస్తావేమోనని.”

“చెప్తాను. నిజంగా చెప్తాను. వాళ్ళ సంతకాలు అయిపోనీ, పెద్దసారుకి అంతా చెప్తాను.”

“పెద్దసారుకి సరే. నాకు?”

అతను తెర మీద కదులుతున్న మావయ్య వైపు చూపు తిప్పుకున్నాడు. ఆమె తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్ళిపోయింది. గట్టిగా వేసి ఉంటే బాగుండేదని అతనికి ఆ తర్వాత చాలా రోజులు అనిపించింది.

మూడో రోజు ధైర్యం చేసి పెద్దసారు గదిలోకి వెళ్ళి అంతా చెప్పేశాడు. ఆయన కాగితాల మీద నుంచి తలెత్తలేదు. “ఇప్పుడు నడుస్తోందిగా? ఇంక వదిలెయ్.”

అంతే. అతను అంతలా భయపడిన నిజం ఎవరినీ కదిలించలేదు. ఆమె ఫోన్ ఎత్తలేదు. రాసిన వాటికి జవాబు రాలేదు. సంగతి విన్న అక్క రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. మూడో రోజు, “ఆ పిల్ల నీ వైపు చూసినప్పుడు ఎక్కడున్నావురా నువ్వు?” అని ఒక్క మాట అంది.

ఆట బయటికొచ్చింది. జనం ఎగబడి కొన్నారు. బస్సులో ఎవరో కిచకిచ నవ్వితే తిరిగి చూసేవాడు. మావయ్య గాల్లో తల గోక్కుంటూ ఉండేవాడు. ఆట చివర వచ్చే పేర్లలో ఆమె పేరు లేదు. చివరిదాకా ఉన్నవాళ్ళ పేర్లే వేస్తామన్నారు. అతను నెలల తరబడి పెద్దసారు ప్రాణం తీశాడు. తన పేరు తీసేసి అక్కడ ఆమె పేరు పెట్టమన్నాడు. ఆఖరికి విసుగెత్తి, తర్వాతి కూర్పులో రెండు పేర్లూ వేశారు.

ఆ వార్త పట్టుకుని ఆమెని వెతుక్కుంటూ వెళ్ళాడు. పిల్లల పుస్తకాలు వేసే ప్రెస్సులో, మిషన్ల మోత పైన ఒక చిన్న మేడగది. కిటికీ దగ్గర కూర్చుని ఏనుగుకి చెవులు గీస్తోంది. అతన్ని చూసి కుంచె పక్కన పెట్టింది.

“కత్తెరా! చిక్కిపోయావేంటి?”

అంత మామూలుగా పలకరిస్తుందని అతను అనుకోలేదు. దారంతా తయారుచేసుకున్న మాటలన్నీ తారుమారయ్యాయి. పేరు సంగతి చెప్పాడు. ఆమె విని తలూపింది.

“మంచిదే. మా నాన్న సంతోషిస్తాడు.”

“నువ్వు?”

“నేను ఆ ఆట ఆడలేదు. ఆడను కూడా.”

కింద మిషన్లు ఆగాయి. గదిలో ఒక్కసారిగా నిశ్శబ్దం. ఇంక తప్పించుకోవడానికి ఏమీ లేదు.

“ఆ రోజు తప్పు నాది. మూడో రోజు పెద్దసారుకి చెప్పడం కాదు, అప్పుడే, అందరి ముందూ చెప్పాల్సింది. నా ఉద్యోగం పోతుందని భయపడ్డాను.”

“పోయేదేమో,” అంది ఆమె. “నాదీ ఎలాగూ పోయేదేమో. కానీ ఇద్దరం కలిసి మెట్లు దిగేవాళ్ళం. నవ్వుకుంటూ దిగేవాళ్ళం, తెలుసా?”

అతను కిటికీ దగ్గరికి జరిగాడు. “నువ్వంటే నాకిష్టం. అప్పుడూ చెప్పలేదు.”

“తెలుసు. నాకూ ఇష్టమే, అప్పుడు. చెప్తావని రోజూ చూసేదాన్ని.”

“ఇప్పుడు?”

ఆమె ఆరని ఏనుగు బొమ్మని జాగ్రత్తగా కిటికీ అంచున నిలబెట్టింది.

“ఇప్పుడు నీ మీద కోపం లేదు. ఉందని చెప్తే నీకు కాస్త ఆశ ఉండేది కదూ? కానీ లేదు. అబద్ధం చెప్పలేను.”

మెట్ల దాకా వచ్చి సాగనంపింది. “చీకటిగా ఉంటాయి, చూసుకుని దిగు,” అంది.

అతను ఇల్లు చేరేసరికి అక్క ఎదురుచూస్తోంది. “ఏమందిరా?”

“కోపం లేదంది.”

“మంచిదేగా!” అంటూనే అతని మొహం చూసి ఆగిపోయింది.

“అంతే అక్కా. కోపం కూడా లేదంది.”

అక్క కంచం పెట్టి, వడ్డించి, అతను తినడం అయ్యేదాకా పక్కనే కూర్చుంది.