చెల్లెలు వచ్చేదాకా

పొద్దున్నే నర్సు స్రవంతి వార్డంతా ఒక చుట్టు చుట్టి వచ్చింది. ఎవరినీ ఎలా ఉందని అడగలేదు. ఆ ప్రశ్నతో పని తీరిపోయి చాలా ఏళ్లయింది. ప్రతి రోగి చేతికీ ఉన్న రక్తసూచి కంకణం, పేగు కుట్టు విడిపోబోతోందా, లోపల చీము పట్టబోతోందా అన్నది కడుపుకు తెలియకముందే నెత్తుటిలో చదివేస్తుంది. నీలం వెలిగితే క్షేమం, నారింజ అయితే జాగ్రత్త, ఎరుపైతే ప్రమాదం. అదే వెలుగు బంధువుల అరచేతి తెరల్లోనూ కనిపిస్తుంది. ఇక పరామర్శకు ఎవరొస్తారు? వార్డులో స్టూళ్లు కూడా తీసేశారు.

పేగు క్యాన్సర్‌కు ఆపరేషనైన ప్రణవికి నీలమే వెలుగుతోంది. వాళ్లమ్మకు ఇదే జబ్బు చేసినప్పుడు చుట్టాలంతా మంచం చుట్టూ మూగి, జావ తాగించి, నవ్వించి, ప్రాణం విసిగించారు. ఇప్పుడు ఆ విసుగు కోసమే ప్రణవి ప్రాణం కొట్టుకుంటోంది. ఉండబట్టలేక కరీంనగర్‌లోని చెల్లెలు మేఘనకు ఫోన్ చేసింది.

"నీలంగనే ఉన్నది గదక్కా, బుగులెందుకు? రంగు మారితె ఉన్నపళంగ ఉరికొస్త," అంది మేఘన. ఆ మాటలో ప్రేమకేం లోటు లేదు.

మధ్యాహ్నం కంకణం నారింజకు తిరిగింది. స్రవంతి పరుగున వచ్చి ప్రణవి నాలుక కింద మందుబిళ్ల పెట్టింది.

"భయం లేదమ్మా, ముందుగాల్నే దొరికింది. గంటల మల్ల నీలమైతది."

ఆమె అటు వెళ్లగానే ఫోన్‌లో మేఘన గొంతు వినిపించింది. "అక్కా, బైలెల్లిన. ఏడ్వకు."

గంటలో నీలమైతే చెల్లెలు దారిలో హుజూరాబాద్ దాటకముందే బండి వెనక్కి తిప్పుతుంది. ప్రణవి గోడవైపు తిరిగి, బిళ్లను ఉమ్మి దిండు కింద దాచింది. గంట తర్వాత స్రవంతి నొసలు చిట్లించి ఇంకో బిళ్ల పెట్టింది. అదీ దిండు కిందికే పోయింది. చెల్లెలు వచ్చాక వేసుకోవచ్చులే అనుకుంది ప్రణవి.

మేఘన వచ్చింది. కూర్చోవడానికేం లేక మంచం అంచున ఒదిగి, అక్క తల ఒళ్లో పెట్టుకుని జుట్టు చిక్కు తీసింది. చిన్నప్పటి కొట్లాటలన్నీ తవ్వుకున్నారు. ఎంత హాయి! ప్రణవి బిళ్ల మాటే మరిచిపోయింది. ఆమె నవ్వుతుండగానే కంకణం ఎర్రబడింది.

హడావిడిగా ఆపరేషన్‌కు తీసుకెళ్లడానికి స్ట్రెచర్ తెచ్చారు. దిండు జరిపిన స్రవంతి చేతికి సగం కరిగిన బిళ్లలు తగిలాయి.

"ఎందుకు ఏసుకోలేదమ్మా? ఏసుకుంటె ఏం గాకపోతుండె గదా!"

ప్రణవి చెల్లెలి చేయి వదల్లేదు.

"ఏసుకుంటె మా చెల్లె సగం తొవ్వల్నించే మర్లిపోతుండె, బిడ్డా."