మహామాత చచ్చిపోకూడదు

ఎదురింటి త్సొన్కా రొట్టెల కొట్టు దగ్గర వరసలో నిలబడి చెప్పిందట: వేలికా మనవరాలు రాలిత్సా ఏదో ప్రేమ నవల రాసిందనీ, అందులో చుట్టూ గోడ కట్టిన ఊళ్ళో పడుచుపిల్లల ప్రేమలు తెంపే మహామాత అనే రాక్షసి ఒకత్తి ఉందనీ, ఆ రాక్షసికి నడుమున తాళాలగుత్తి, నోట్లో సామెత, అచ్చం వేలికా ముసలమ్మేననీ. రాలిత్సా పనిచేసే గ్రంథాలయంలో ఆ కాగితాలు చూసినావిడ తన మరదలికి చెబితే, ఆ మరదలు త్సొన్కాకి చెప్పిందట. రొట్టెలకు వెళ్ళిన రాలిత్సా తండ్రి దిమో ఆ మాటల్ని కూడా వేడివేడిగా ఇంటికి పట్టుకొచ్చాడు.

ఆరోజు పచ్చడిరోజు. పెరట్లో యాభై కిలోల ఎర్ర బుంగమిరప రాశిగా పోసి ఉంది. దిమో కట్టెలపొయ్యి మీద రేకు పరిచి కాయల్ని కాలుస్తున్నాడు. భార్య స్టాంకా కాలిన తొక్కలు వలుస్తోంది. స్టాంకా తల్లి వేలికా నేలమాళిగలో సీసాలు ఏరుతోంది కాబట్టి సరిపోయింది. మొగుడు చెప్పింది విన్న దగ్గర్నుంచీ స్టాంకా మాటిమాటికీ నేలమాళిగ మెట్లవైపు చూస్తోంది. యాభై ఏళ్ళు వచ్చినా అమ్మ తాళాల చప్పుడు వింటే ఆమె వీపు నిటారవుతుంది.

ఇదేమీ పట్టనిది రాలిత్సా ఒక్కతే. చేతులనిండా మిరప గుజ్జు, ఆ చేతుల్లోనే ఫోను.

"ప్లోవ్‌దివ్ నగరంలోని ప్రచురణ సంస్థ వాళ్ళమ్మా. పన్నెండింటిలోగా సరేనని జవాబిస్తే వసంతానికల్లా పుస్తకం వేస్తారట. లేకపోతే ఆ చోటు ఇంకొకళ్ళకి."

"పంపకు."

"పంపుతాను."

"ఊళ్ళో మీ అమ్మమ్మ తలెత్తుకు తిరగాలా వద్దా? ఆ ముసల్దాన్ని కథలోంచి తీసేస్తానని రాసి పంపు."

"ఆవిడ లేకపోతే కథే లేదు. పంపుతాను."

"నన్నెక్కడన్నా రాశావా తల్లీ?" అన్నాడు దిమో కాయలు తిప్పుతూ.

"లేదు నాన్నా."

"బతికించావు. ఇల్లరికపు అల్లుడు కథలో కూడా నోరుమూసుకునే ఉండాలి."

స్టాంకాకి నవ్వు రాలేదు. "రాలీ, ఆఖరిసారి చెబుతున్నాను. అమ్మకి తెలిస్తే ఈ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు. వద్దు."

"నేనూ ఆఖరిసారే చెబుతున్నానమ్మా. పంపుతాను."

అప్పుడు వినిపించింది తాళాలగుత్తి చప్పుడు. నేలమాళిగ మెట్లెక్కి వేలికా వచ్చింది. ఒక చేతిలో సీసాల బుట్ట, చంకలో నూనె మరకలు పడ్డ కాగితాల కట్ట. స్టాంకా ఆ కట్టని గుర్తుపట్టి కళ్ళు మూసుకుంది.

"త్సొన్కా నోట పడటానికి నాలుగు రోజుల ముందే చదివాన్లే," అంది వేలికా పీట లాక్కుని కూచుంటూ. "పరుపు కింద దాచావు, బాగానే ఉంది. ఆ పరుపు ఎండలో వేసేదెవరనుకున్నావే?"

రాలిత్సా మెడ దాకా ఎర్రబడింది. ముసలమ్మ ఒక కాయ అందుకుని తొక్క లాగింది.

"ముందు మంచి చెబుతాను. గోడ అవతల ఆ కుర్రాడు, ఇవతల ఆ పిల్ల, కన్నంలోంచి వేళ్ళు మాత్రం పట్టుకుంటారు చూడు, అక్కడ నేను పొయ్యి మీది చిక్కుడుగింజలు మాడబెట్టాను. డెబ్భై ఎనిమిదేళ్ళలో మొదటిసారి. కొమ్ముబూర మోగి, ఎవరికి ఎవరో తేల్చే పెళ్ళిజాబితా చదువుతుంటే, దాని పేరు వచ్చేదాకా నాకు ఊపిరాడలేదు. నీ చేతిలో పనితనం ఉంది."

"నిజంగానా అమ్మమ్మా?"

"ఆగు, ఎగరకు. మూడొందల పేజీల్లో ఒక్కడూ తిండి తినలేదు. గోడలోపల అంతమందికి పంటెక్కడిది, వంటెవరిది? ఆ రెండో కుర్రాడెందుకు? అది ఎవణ్ణి చేసుకుంటుందో నాకు ఎనిమిదో పేజీలోనే తెలిసింది. దానికి మాత్రం వంద పేజీలు పట్టింది, రెండు గడ్డివాముల మధ్య గొడ్డులాగా. పైగా దానికి భయమే లేదు. భయంలేనిది గోడ దూకితే గొప్పేముంది? పిల్లి కూడా దూకుతుంది."

దిమో పకపకా నవ్వాడు. రాలిత్సా నవ్వుతూనే, మసి చేతుల్తోనే, ఫోనులో గబగబా రాసుకుంటోంది. అంతలో ఆమె వేళ్ళు ఆగాయి.

"మరి... మహామాత?"

స్టాంకా వలుస్తున్న కాయ వదిలేసి తల్లివైపు చూసింది.

"ఆ పుస్తకంలో ప్రాణమున్న మనిషి అదొక్కతే," అంది వేలికా. "పడుకునే ముందు తాళాలు తడిమి చూసుకోవడం కూడా పట్టేశావు, దొంగపిల్లా. కానీ చివర్న బురుజు మీంచి తోసి చంపేశావు. అలాంటివాళ్ళు చావరే. అందరూ వెళ్ళిపోయాక అంత పెద్ద బల్ల దగ్గర ఒక్కరే కూచుంటారు. అది రాయి. అలా ఎందుకు తయారైందో, అది కూడా రాయి."

"ఎందుకు తయారైంది అమ్మమ్మా?"

ముసలమ్మ కాయ పక్కన పెట్టింది. "చదువవగానే ఎవరెక్కడ పనిచెయ్యాలో రాసి సర్కారు కాగితాలొచ్చాయి. నాకు ఇక్కడి పొగాకు ఫ్యాక్టరీ, నేను మనసిచ్చిన కిరిల్‌కి ఎక్కడో డాన్యూబ్ నది ఒడ్డున ఓడల కార్ఖానా. వచ్చెయ్యి, చూసుకుందాం అన్నాడు. కాగితానికి భయపడ్డాను. ఆ తర్వాత భయపడని ఆడపిల్ల కనిపిస్తే చాలు, ఒళ్ళు మండేది."

ఆ కిరిల్ పేరు స్టాంకా పుట్టి బుద్ధెరిగాక వినలేదు. అమ్మ మోచేత్తో కళ్ళు తుడుచుకోవడం కూడా చూడలేదు. రాలిత్సా వెళ్ళి అమ్మమ్మ మెడ చుట్టూ చేతులు వేసింది. తెల్లటి జుట్టుకి మసి అంటింది.

"వదులు, వదులు. పన్నెండవుతోంది, పంపు. ముసల్దాన్ని మార్చి రాస్తానని కూడా చెప్పు. త్సొన్కాకి ఒక ప్రతి నేనే కొనిస్తాను."

రాలిత్సా మీట నొక్కింది. నొక్కి, పెరడంతా ఒక చుట్టు గంతులేసి, ఖాళీ సీసా ఒకటి తన్నేసి, ఆ కబురు చెప్పడానికి గ్రంథాలయానికి పరుగెత్తింది. పండ్ల సారా రాకియా తెస్తానంటూ దిమో నేలమాళిగలోకి దిగాడు. రేకు మీద కాయలు మాడుతున్నా ఎవరూ తిప్పలేదు.

తల్లీ కూతుళ్ళే మిగిలారు. స్టాంకాకి ముప్పై ఏళ్ళ కిందటి పచ్చడిరోజు కళ్ళముందు కదిలింది. ఇదే పెరడు, ఇదే పొయ్యి. పెళ్ళిళ్ళలో సన్నాయి ఊదే అసెన్‌ని చేసుకుంటానని చెప్పింది. అమ్మ వద్దంది. తను తలొంచుకుని లోపలికి వెళ్ళిపోయింది. దిమో మంచివాడు, ఆ మాట వేరు. అయినా ఇవాళ కన్నీళ్ళతోనే అడిగేసింది.

"రాలీకి ఒప్పుకున్నావు కదమ్మా. మరి నాకెందుకు ఒప్పుకోలేదు?"

వేలికా ఇంకో కాయ అందుకుంది.

"అది నీకు మూడుసార్లు ఎదురుచెప్పింది, మెట్ల మీంచి విన్నాను. నువ్వు ఒక్కసారే అడిగావు."